తల లేని నీడ

“‘అమ్మాయి జెట్టీ దగ్గర ఉంది. పక్కన నీడే గాని మనిషెవరూ లేరు. ఊపిరాడక కొట్టుకుంటుంటే చూశాను. నేను వెళ్లేసరికి నీళ్లలో బోర్లా పడి ఉంది.’ విన్నావుగా? చూసినవాడే చెప్పాడు. ఇంకేం కావాలి నీకు?”

వాంగ్మూలం చదవడం ముగించి అర్గిరీ కొందిలిస్ ఫ్రాపే చల్లకాఫీ గ్లాసు అందుకున్నాడు. పాలియోస్కాలా అనే ఈ రేవు ఊరి పోలీసు స్టేషన్‌కి అతనే పెద్ద. నేను జిల్లా క్రైమ్ విభాగం నుంచి ఆ ఉదయమే వచ్చాను. చనిపోయిన క్లియో వాళ్లమ్మ మా ఆఫీసుకి ఫోన్ చేసి, నా కూతురు నీళ్లలో పోయే పిల్ల కాదని ఒకటే ఏడుపు. అంత్యక్రియలు మర్నాడు. మట్టి పడేలోగా నేను ఏదో ఒకటి తేల్చాలి, లేదంటే నోరు మూసుకుని బస్సెక్కాలి.

“క్లియో ఈ అఖాతాన్ని అటు నుంచి ఇటు ఈదే పిల్ల, అర్గిరీ,” అన్నాను. “ఛాతీ లోతు నీళ్లలో మునిగిపోయిందంటే నమ్మమంటావా?”

“కాలికి తిమ్మిరెక్కి ఉంటుంది. డాక్టరు చూశాడు, సంతకం పెట్టాడు. ఒళ్లంతా ఉప్పునీళ్లు. సాక్షి ఏమో ఊపిరాడక కొట్టుకుందంటున్నాడు. నీళ్లలో కాకపోతే ఆకాశంలో కొట్టుకుంటుందా?”

“సాక్షి ఇంగ్లీషువాడు కదా. నీకెలా చెప్పాడు?”

“నా ద్వారా చెప్పాడమ్మాయ్,” అంది వెనకనుంచి ఓ గొంతు.

కూర్చున్నదాన్ని చటుక్కున నిలబడ్డాను. ఇన్నేళ్లొచ్చినా ఆ గొంతు వింటే నాకంతే. కిటికీ పక్క కుర్చీలో మిస్ ఇస్మీని కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుని, నల్ల గొడుగు గోడకి ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆవిడ ఇంగ్లీషు ట్యుటోరియల్‌లోనే క్లియో పంతులమ్మ. అంతకు ముందు నేనూ కొందిలిసూ ఆ గదిలోనే ఒక బెంచీ మీద చదివాం. ఈ ఊళ్లో ఇంగ్లీషు ముక్క వచ్చిన ప్రతివాడూ ఆవిడ ముందు ఏడ్చినవాడే. బోర్డు మీద దగ్గరి అర్థాలున్న రెండు మాటలు రాసేది. ఒకరి వైపు వేలు చూపించేది. ఒకే ఒక్క ప్రశ్న వేసేది: “తేడా?” జవాబు తెలియకపోతే తిట్టేది కాదు, కొట్టేది కాదు. గది మొత్తాన్నీ నిశ్శబ్దంగా ఉంచి మన మొహంలోకి చూస్తూ ఉండేది. ఆ చూపు కంటే దెబ్బలే నయం అనిపించేది.

“స్తమాతియా, చిక్కిపోయావే,” అంది. “లోవర్ ఇంగ్లీషు పరీక్ష మళ్లీ రాశావా?”

కొందిలిస్ పగలబడి నవ్వాడు. “రెండుసార్లు తప్పింది మిస్! మూడోసారి భయపడి పోలీసుల్లో చేరింది.”

“పాసయిన నువ్వూ ఇక్కడే తేలావుగా,” అన్నాను. కాని నవ్వలేకపోయాను.

బల్ల మీద క్లియో చేతిసంచి ఉంది. లోపల తువ్వాలు, తాళాలు, పసుపు చీటీ అంటించిన పొడుగాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి. డబ్బా ఖాళీ.

“ఇదేంటి?”

“ఆ పిల్లకి అక్రోటు పప్పు పడదు,” అంది మిస్. “నోట్లో పడితే గొంతు వాచిపోతుంది. తొడలో పొడుచుకోవడానికి మందు పెన్ను ఒకటి వెంట పెట్టుకునేది. ఈ డబ్బా దానిదే. ఎక్కడో మరిచిపోయి ఉంటుంది పాపం, మతిమరుపు మనిషి.”

“సెప్టెంబరులో సొంతంగా ట్యుటోరియల్ పెడదామనుకుంది,” అన్నాడు కొందిలిస్ తల అడ్డంగా ఊపుతూ. “ఫార్మసీ ఎదురుగా గది కూడా తీసుకుంది.”

“నా పిల్లల్లో సగం మంది తన వెంటే వెళ్తామన్నారు,” అంది మిస్ ఇస్మీని. “వెళ్లండర్రా అన్నాను. పాత పంతులమ్మలు ఎన్నాళ్లుంటారు?” ఆవిడ లేచి గొడుగు అందుకుంది. “ఆ ఇంగ్లీషాయనతో మాట్లాడాలంటే నాకు కబురు చెయ్యి. నీ ఇంగ్లీషుతో ఆయన్ని హింస పెట్టకు.”

కబురు చెయ్యలేదు. ఆవిడ పక్కన కూర్చుని ఇంగ్లీషు మాట్లాడటం కంటే శవాల గదిలో నిద్రపోవడం నాకు తేలిక.

*

ఆ ఇంగ్లీషాయన పేరు అల్విన్ పెన్‌రోజ్. డెబ్బై దాటినవాడు. చిన్న తెరచాప పడవలో ఒంటరిగా తిరుగుతూ రేవులో లంగరేసుకున్నాడు. రేవు పక్క భోజనం కొట్టు తావెర్నాలో దొరికాడు. నేను నా పేరూ, ఉద్యోగమూ చెప్పి కూర్చున్నానో లేదో, కొట్టు యజమాని చిరుతిళ్ల పళ్లెం తెచ్చి మా మధ్య పెట్టాడు.

“ఒరే మొద్దూ, ఆ పళ్లెం తియ్!” వంటగదిలోంచి అతని భార్య కేక. “రొయ్యలున్నాయి దాంట్లో! ఆయనకి పడవని మిస్ ఇస్మీని చెప్పింది కాదూ? ఇక్కడ చచ్చాడంటే కొట్టు మూయిస్తారు!”

యజమాని పళ్లెం లాక్కుపోయాడు. పెన్‌రోజ్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, సంగతి పోల్చుకుని నవ్వాడు. రొయ్య తగిలితే చాలు గొంతు మూసుకుపోతుందనీ, ఊరి భాష రాని తన తరఫున ఆ పెద్దావిడే ప్రతి కొట్టుకీ తిరిగి చెప్పి పెట్టిందనీ, అంత మంచి మనిషిని చూడలేదనీ చెప్పాడు.

నేను ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుని, ఆ సాయంత్రం ఏం చూశారో మళ్లీ చెప్పమన్నాను.

“ఆ అమ్మాయి జెట్టీ మీద బెంచీలో కూర్చుని ఏదో తింటోంది. నేను పడవ మీదున్నాను. చూస్తుండగానే చోకింగ్ మొదలైంది.”

“డ్రౌనింగ్?” అన్నాను.

“నో, నో.” ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. రెండు చేతులతో తన గొంతు పట్టుకుని, నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేశాడు. “చోకింగ్. నేల మీద. నీళ్లకి దూరంగా.” తర్వాత బల్ల మీద అరచెయ్యి పెట్టి అలలా ఊపి, దాని కిందకి రెండో చెయ్యి దూర్చాడు. “డ్రౌనింగ్ అంటే ఇది. ఇది నేను చూడనేలేదు.”

నీళ్లలో మునిగినా, మెతుకు అడ్డం పడినా, ఎవరైనా పీక నొక్కినా మాకు ఒకటే మాట. ఊపిరాడలేదు, అంతే. ఆ ఒక్క మాట మీద శవాన్ని కడిగారు, శవపేటిక కొన్నారు, గోయి తవ్వుతున్నారు.

“ఫోన్ కోసం పడవ లోపలికి దిగాను,” అన్నాడు ఆయన. “పైకొచ్చేసరికి బెంచీ మీద లేదు. నీళ్లలో ఉంది. ఇదంతా ఆ పెద్దావిడకి చెప్పాను. షాడో గురించి కూడా.”

“షేడ్,” అన్నాను. వాంగ్మూలంలో ఉన్న నీడ గుర్తొచ్చి. “అమ్మాయి షేడ్‌లో కూర్చుంది.”

ఆయన ఓపిగ్గా తల ఊపాడు. గుడ్డ గొడుగు వేసిన మా బల్ల చుట్టూ ఉన్న చల్లటి చోటు చూపించి “షేడ్” అన్నాడు. చెయ్యి ఎండలోకి చాచి, నేల మీద పడిన అయిదు వేళ్ల ఆకారాన్ని చూపించి “షాడో” అన్నాడు.

ఇది కూడా మాకు ఒకటే మాట. ఈ రెండు మాటలనే మిస్ ఇస్మీని బోర్డు మీద రాసి నా వైపు వేలు చూపించిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎండ తగలని చోటు ఒకటి, మనిషిని వెంటాడేది ఒకటి. తర్వాత ఆవిడే చెప్పిన జవాబు అది.

“ఎవరి షాడో?”

“మనిషి కనపడలేదు. వలల గుట్ట అడ్డం. పడవల షెడ్డు తెల్లటి గోడ మీద షాడో మాత్రం పడింది. అమ్మాయి కొట్టుకుంటోంది, అది కదలకుండా నిలబడే ఉంది.” ఆయన గొంతు తగ్గించాడు. “ఆఫీసర్, రాత్రుళ్లు నాకు అదే కనిపిస్తోంది. దానికి తల లేదు. భుజాలున్నాయి, ఒళ్లుంది, తల ఉండాల్సిన చోట ఏదో పెద్దగా, గుండ్రంగా. ఈ తల సంగతి మొన్న గుర్తు రాలేదు. ఇవాళ పొద్దున ఆ పెద్దావిడ కనపడితే చెప్పాను.”

“ఏమంది?”

“ప్రాసిక్యూటర్ ముందు ఇలాగే చెప్పాలి, సాయంత్రం మా ఇంటికి భోజనానికి రండి, మాటలు సరిచూసుకుందాం అంది.”

*

ఆ సాయంత్రం, క్లియో పోయిన వేళకే నేను జెట్టీ మీదికి వెళ్లాను. చర్చిలో సాయంకాలపు గంట కొడుతోంది. అదే గంట వింటూ ఫోన్ కోసం దిగానని పెన్‌రోజ్ చెప్పాడు.

బెంచీ మీద కూర్చున్నాను. కూర్చోగానే లేచాను, చెక్క కాలుతోంది. పడమటి ఎండ నేరుగా కళ్లల్లో కొడుతోంది. పక్కన చెట్టయితే ఉంది గాని, దాని నీడ తూర్పుకి జరిగి నీళ్ల మీద పడుతోంది. ఈ వేళప్పుడు ఈ బెంచీకి నీడే లేదు. “పక్కన నీడే గాని మనిషెవరూ లేరు” అన్న మాటలో నీడ చల్లటి నీడ కానే కాదు. పక్కన ఉన్నది ఒక మనిషి నీడ.

ఒక మాట ఇలా జారిందంటే భాష తప్పు అనుకోవచ్చు. రెండు మాటలు, రెండూ ఒకే వైపుకి జారాయంటే అది భాష పని కాదు. ఈ తేడాలు చెప్పడమే బతుకుగా బతికిన మనిషి పని.

రాళ్ల మీద వంగి వెతికాను. బెంచీ కాలి దగ్గర మిఠాయి కాగితపు గిన్నె ఒకటి నలిగి పడి ఉంది. చుట్టూ చీమలు. అంటుకున్న పలుకు గోటితో తీసి వాసన చూశాను. అక్రోటు. తెలిసి తినే పిల్ల కాదు, ఎవరో కలిపి పెట్టారు. అక్కడి నుంచి చెయ్యి చాచి విసిరితే ఎంత దూరం పడుతుందో చూసుకుంటూ రాళ్ల సందులు గాలించాను. తడి తగలని సందులో దొరికింది, లావాటి మార్కర్ పెన్నంత గొట్టం. నీలం మూత తియ్యలేదు. మందు వాడనే లేదు.

రుమాలుతో పట్టుకుని కాగితం కవరులో వేశాను. ఆ పిల్ల గొంతు పట్టుకుని ఈ పెన్ను కోసం సంచి తడుముకుంటుంటే, ఎవరో దీన్ని చేతిలో పట్టుకుని నిలబడి చూశారు. అంతా అయ్యాక ఆ పిల్లని నీళ్లలోకి తోసి, దీన్ని విసిరేశారు. ఆ ఎవరో తాలూకు వేలిముద్రలు దీని మీద ఉంటాయి. నా దగ్గర ఉన్న ఆధారమల్లా ఇదొక్కటే.

ఇక ఆ తల సంగతి. వలల గుట్ట వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఎదురుగా తెల్లగోడ మీద నా నీడ పడింది, తలతో సహా. ఒంగాను, పక్కకి తిరిగాను. తల పోలేదు. ఎండ మాడుస్తుంటే కోటు విప్పి నెత్తిన కప్పుకున్నాను.

గోడ మీద తల మాయమైంది. దాని చోట ఓ నల్లటి గుండు.

వాన చినుకు లేని జూన్ నెలలో, స్టేషన్ గోడకి ఆనించి ఉన్న నల్ల గొడుగు నా కళ్ల ముందుకొచ్చింది. ఎండ పడదని ఏడాది పొడుగునా గొడుగు వేసుకుని తిరిగే మనిషి ఈ ఊళ్లో ఒక్కరే. చిన్నప్పుడు వీధి చివర ఆ గొడుగు కనిపిస్తే పక్క సందులోకి పారిపోయేవాళ్లం. సాక్షి చూసింది తన నీడనేనని సాక్షి నోటినుంచే విని, అతని పక్కనే కూర్చుని, తొణక్కుండా అనువాదం చేసింది ఆవిడ.

“కోటు నెత్తినేసుకుని భూతవైద్యం చేస్తున్నావా?”

కొందిలిస్. జెట్టీ మీద దబదబా నడిచి వచ్చాడు. చటుక్కున కవరు జేబులో పెట్టుకున్నాను. చూపిస్తే నా ఊరి సాక్ష్యం నాకివ్వు అని లాక్కుంటాడు. పెన్ను అతని బీరువాలో పడితే రేపటికి ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

“నాకు చెప్పకుండా నా సాక్షిని తావెర్నాలో కూర్చోబెట్టి విచారించావట!”

“నీ సాక్షి చోకింగ్ అన్నాడు. నువ్వు డ్రౌనింగ్ రాసుకున్నావు. నువ్వు లోవర్ పాసయ్యావు కదా, తేడా చెప్పు.”

“మిస్ ఏది చెబితే అది రాశాను.”

“అదే మరి. షాడో అంటే నీడ అంది. గొంతు పట్టేసింది అంటే ఊపిరాడలేదు అంది. అబద్ధం చెప్పలేదు అర్గిరీ, నువ్వు తప్పుగా అర్థం చేసుకునేట్టు నిజం చెప్పింది. క్లియోని చంపింది ఆవిడే.”

అతని మొహం ఎర్రబడింది. “మిస్ ఇస్మీనీనా? నా పెళ్లికి సాక్షి సంతకం పెట్టిన మనిషి! రెండుసార్లు పరీక్ష తప్పావని ఇన్నాళ్లకి కక్ష తీర్చుకుంటావా? సిగ్గుండాలి. బస్సెక్కించి పంపిస్తాను నిన్ను, పై ఆఫీసుకి రాసి మరీ—”

అతని ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి, నా వైపు ఉరిమి చూసి, నాకు వినపడాలనే స్పీకర్ నొక్కాడు.

“నాయనా అర్గిరీ!” మిస్ ఇస్మీని గొంతు. ఆవిడ వగర్చడం నేనెప్పుడూ వినలేదు. “మా ఇంటి దగ్గర! ఇంగ్లీషాయన! ఊపిరాడక కొట్టుకుంటున్నాడు! త్వరగా రా!”

ఫోన్ ఆగిపోయింది. జెట్టీ మీంచి చూస్తే ఆవిడ ఇల్లు కనపడుతుంది, రాళ్ల గట్టు మీద. కింద ఈత కొట్టేవాళ్లు దిగే మెట్లు, వాటి కింద లోతైన నీళ్లు. కొందిలిస్ అప్పటికే పరుగెత్తుతున్నాడు, పోలీసు పడవ వైపు.

“పడవ కాదు!” అరిచాను. “నీళ్లలో కాదు అర్గిరీ! భోజనం! ఆయనకి రొయ్యలు పడవు! ఊపిరాడట్లేదంటే—”

“నీ వ్యాకరణం తర్వాత!” అని అరిచి పడవలోకి దూకాడు. ఇంజను మోతలో ఇంకేం వినిపించలేదు.

నేను గట్టు దారిన పరుగెత్తాను. పొరపాటున నేనే తప్పయితే? నిజంగానే ఆ ముసలాయన మెట్ల కింద మునుగుతుంటే? మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగాను. కిందికి నీళ్లు, పైకి ఇల్లు. ఒక్క మాటకి రెండు దారులు. పైకే ఎక్కాను.

*

వరండా తలుపు తెరిచే ఉంది. బల్ల మీద పళ్లేలు, ఎర్రటి సాస్ కలిపిన అన్నం. రొయ్యలు కనపడవు గాని వాసన గుమ్మం దాకా కొడుతోంది. ముద్దలా రుబ్బి కలిపినట్టున్నారు. పెన్‌రోజ్ నేల మీద పడి ఉన్నాడు. పెదవులు వాచి, మొహం నీలంగా, వేళ్లు గొంతు మీద గీరుతున్నాయి.

మిస్ ఇస్మీని కుర్చీలో కూర్చుని ఉంది, స్టేషన్లో కూర్చున్నట్టే, చేతులు ఒళ్లో పెట్టుకుని. నన్ను చూసి తల కొంచెం పక్కకి వంచింది.

“పైకొచ్చావే,” అంది. “మొదటిసారి సరైన మాట ఎంచుకున్నావు.”

మోకాళ్ల మీద కూలబడి కవరు చింపాను. రుమాలు వెతుక్కునే తీరిక లేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ పెన్నుకేసి చూశాను. దీన్ని ఇలాగే ల్యాబుకి పంపితే క్లియోకి న్యాయం జరుగుతుంది. వాడితే ఈయన బతుకుతాడేమో. మూత పీకాను. పిడికిలి బిగించి గొట్టాన్ని ఆయన తొడ మీద గట్టిగా పొడిచి అలాగే నొక్కి పట్టుకున్నాను. చెమట పట్టిన నా వేళ్లు దాని మీద జారి, మళ్లీ పట్టుకుని, మళ్లీ జారాయి.

“ఇందాకటిదాకా దాని మీద నా వేళ్లుండేవి,” అంది మిస్ ఇస్మీని నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు. “ఇప్పుడు ఎవరివి? ఎవిడెన్స్, ప్రూఫ్.” ఆవిడ వేలు ఎత్తి నా వైపు చూపించింది. “తేడా?”

ఆవిడకేసి చూడకుండా గొట్టం బయటికి లాగి, రెండో చెయ్యి పెన్‌రోజ్ ఛాతీ మీద పెట్టాను. నీళ్లలో ఎవరూ దొరక్క కొందిలిస్ కింద మెట్లెక్కుతున్న బూట్ల చప్పుడు వినిపించింది. ఆవిడ కూడా విన్నది. నా కళ్ల ముందే ఆవిడ మొహం మారిపోయింది. పెదవి వణికింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి తలుపు దగ్గరికి పరుగెత్తింది.

“నాయనా, నువ్వొచ్చావా! ఆయన ఒంట్లోకి మందు పొడిచింది! నా కళ్ల ముందే, తన చేతులతోనే పొడిచింది!”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. జబ్బుకి వాడేదీ మాకు మందే, ఆలివ్ తోటలో పురుక్కి కొట్టేదీ మందే, ఎలకలకి పెట్టేదీ మందే.

కొందిలిస్ గుమ్మంలో ఆగాడు. కదలని ముసలాయన్ని చూశాడు. నా పిడికిట్లోంచి పొడుచుకొచ్చిన సూదిని చూశాడు. జెట్టీ మీద అతనికి చూపించకుండా దాచిన పెన్ను అది. అతని చెయ్యి నడుము మీది తుపాకీ దగ్గరికి పోయింది.

“స్తమాతియా,” అన్నాడు, ఇంతకు ముందెప్పుడూ వినని గొంతుతో. “చేతిలోది కింద పడెయ్. ఆయన దగ్గర్నించి లే.”

నా అరచేతి కింద పెన్‌రోజ్ ఛాతీ కదులుతోందో, వణుకుతున్నది నా చెయ్యో, నాకు తెలియడం లేదు.